ఇన్ని సబ్సిడీలు ఉన్నా క్లీన్ టెక్నాలజీలో మన దగ్గర కొత్తవి ఎందుకు నిలబడటం లేదు?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీరు, మీ మిత్రులు ఇద్దరు ఉద్యోగాలు చేసుకుంటూనే, ఒకప్పుడు చేసిన చల్లదనాన్ని దాచి తర్వాత వాడుకునే థర్మల్ స్టోరేజ్ మీద పనిచేస్తున్నారు. ప్రోటోటైప్ బాగానే నడుస్తోంది. ఉద్యోగాలు మానేసి కంపెనీ పెట్టాలా వద్దా అన్న టెన్షన్‌లో ఉన్నారు. "కేంద్రం, రాష్ట్రం ఇన్ని స్కీములు ప్రకటిస్తున్నాయి, హైదరాబాద్‌లో ల్యాబులకు, ఇంజినీర్లకు కొదవ లేదు. అయినా సోలార్ సెల్ నుంచి బ్యాటరీ దాకా టెక్నాలజీ బయటి నుంచే ఎందుకు వస్తోంది? లోపం డబ్బుదా, పాలసీదా?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, డబ్బు కొరత రెండో సమస్య. మొదటి సమస్య, కొత్త వస్తువును మొదట కొనేవాడు లేకపోవడం. మన స్కీముల్లో ఎక్కువ భాగం, ఇప్పటికే మార్కెట్లో ఉన్న వస్తువును చౌకగా అమ్మడానికో పెద్ద ఫ్యాక్టరీ కట్టడానికో డబ్బిస్తాయి. ల్యాబులో నమూనా చేసుకోవడానికి కూడా ఎంతోకొంత దొరుకుతుంది. ఈ రెండింటికీ మధ్య ఒక దశ ఉంది. కొత్త యంత్రాన్ని మొదటి పదిమందో యాభైమందో కొని, వాడి, దాని లోపాలు బయటపెట్టే దశ. అక్కడికి వచ్చేసరికి ప్రభుత్వం కనిపించదు, బ్యాంకు కనిపించదు, ఇన్వెస్టరు కూడా "ఇంకో ఏడాది ఆగి చూద్దాం" అంటాడు. దీనికి తోడు రూల్స్ మధ్యలో మారిపోతుంటాయి. అలాగని కంపెనీ పెట్టొద్దని నేను చెప్పను. ఎవరికి అమ్మాలో సరిగ్గా ఎంచుకుంటే మీ వస్తువుకు చోటుంది. అది చివర్లో రాస్తాను.

నేను ఇరవై ఏళ్లకు పైగా సోలార్, రిఫ్రిజిరేషన్ రంగంలో ఉన్నాను. చర్లపల్లిలో చిన్న యూనిట్ నడిపాను. ఇప్పుడు ఇంక్యుబేటర్లకు వచ్చే క్లీన్ టెక్ ప్రతిపాదనలు చదివి అభిప్రాయం చెప్పే పని చేస్తున్నాను.

ధర దగ్గరే అసలు తిరకాసు మొదలవుతుంది. బొగ్గు కాల్చేవాడు పొగకు డబ్బు కట్టడు. ఆ ఖర్చు ప్లాంటు చుట్టుపక్కల ఊళ్ల మీద, రేపటి వానల మీద పడుతుంది. అంటే క్లీన్ టెక్నాలజీ తన ఖర్చంతా తనే భరించి పోటీకి రావాలి, పాత టెక్నాలజీ మాత్రం సగం ఖర్చు ఊరి మీదకు నెట్టేసి వస్తుంది. మన దేశానికి ఈ సంగతి తెలియక కాదు. 2010లోనే టన్ను బొగ్గు మీద 50 రూపాయల క్లీన్ ఎనర్జీ సెస్ పెట్టారు. 2016 నాటికి అది 400 రూపాయలైంది. ఆ డబ్బుతో పరిశోధనకు, కొత్త ప్రాజెక్టులకు సాయం చేయాలని జాతీయ క్లీన్ ఎనర్జీ నిధి కూడా ఏర్పాటు చేశారు. ఆలోచన చాలా మంచిది. కానీ 2010-11 నుంచి 2017-18 వరకు వసూలైంది సుమారు 86 వేల కోట్లయితే, ఆ నిధికి చేరింది 30 వేల కోట్ల లోపు. ప్రాజెక్టుల దాకా వెళ్లింది 16 వేల కోట్ల లోపు. 2017లో జీఎస్టీ వచ్చాక బొగ్గు సెస్ రాష్ట్రాల నష్టపరిహారం ఖాతాలోకి మళ్లిపోయింది.

2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ సెస్ కూడా తీసేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. పైకి చూస్తే పన్ను పెరిగినట్టే ఉంటుంది. ఒకసారి లెక్క వేయండి. టన్ను వెయ్యి రూపాయలుండే నాసిరకం బొగ్గు మీద ఇంతకుముందు జీఎస్టీ 50, సెస్ 400, మొత్తం 450 పడేది. ఇప్పుడు 180. బూడిద ఎక్కువుండే చౌక బొగ్గుకే ఎక్కువ ఊరట దొరికింది. అదే రోజు నుంచి సోలార్ పరికరాల జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, అది మంచి పని. అయితే కొత్తగా ఏదైనా కనిపెట్టాలనుకునేవాడికి పోటీ పక్కనున్న సోలార్ ప్యానెల్‌తో కాదు, బొగ్గు కరెంటు ధరతో. ఆ ధర ఎటు పోతుందన్నదే అతని లెక్కను తేలుస్తుంది.

రెండో చిక్కు జ్ఞానం కారిపోవడం. బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో షెడ్డు నడిపిన ఎవరినైనా అడగండి, చెప్తారు. మీరు రెండేళ్లు కిందామీదా పడి ఒక హీట్ ఎక్స్ఛేంజర్ డిజైన్ కుదుర్చుకుంటే, అది బయటికెళ్లిన కొద్ది నెలలకే మీ దగ్గర పనిచేసిన ఫిట్టరే ఇంకో షెడ్డులో దాన్ని చేసిపెడతాడు. స్టార్టప్‌లకు పేటెంట్ ఫీజులో 80 శాతం రాయితీ ఉంది కాబట్టి ఫైల్ చేయడం పెద్ద ఖర్చు కాదు. కాపీ కొట్టినవాడిని కోర్టుకు లాగడం మాత్రం చిన్న కంపెనీ తరం కాదు. సమాజానికి దీనివల్ల లాభమే, టెక్నాలజీ త్వరగా పాకుతుంది. కనిపెట్టినవాడికి మాత్రం పెట్టిన ఖర్చు తిరిగి రాదు. అందుకే ప్రైవేటు డబ్బు ఇటువైపు రావాల్సినంత రాదు. ఏ దేశమైనా ఈ ఖాళీని ప్రజాధనంతోనే పూడ్చాలి. మన దేశం పరిశోధన మీద పెట్టే మొత్తం ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గరే ఉంది. 2023లో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం వచ్చింది. 2025 జులైలో లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) పథకానికి కేంద్ర క్యాబినెట్ ఆమోదం తెలిపింది. ఈ ఆర్‌డీఐ పథకాన్ని నమూనా దశ దాటిన టెక్నాలజీలకు తక్కువ వడ్డీతో దీర్ఘకాలిక రుణమిచ్చేలా రూపొందించారు. నేను చెప్పిన ఖాళీ మీద కన్నేసిన మొదటి పెద్ద ప్రయత్నం ఇదేనని నా అభిప్రాయం. కానీ రుణం ఎంత చౌకైనా తీర్చాలంటే అమ్మకాలు ఉండాలి కదా.

ఇప్పుడు మన రాష్ట్రం సంగతి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత కరెంటు 2004లోనే మొదలైంది. బోర్ల మీద బతికే రైతుకు అది ఎంత ఆదరువో నాకు తెలుసు, దాన్ని తీసేయాలని నేను అనను. కానీ దాని పర్యవసానం ఒకటుంది. రైతుకు కరెంటు బిల్లు సున్నా అయినప్పుడు, 30 శాతం తక్కువ కరెంటుతో నడిచే మోటారు తయారుచేసినా అతనికి ఒక్క రూపాయి మిగలదు. పీఎం కుసుమ్‌లో సోలార్ పంపుకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇచ్చినా మిగతా 40 శాతం రైతు ఎందుకు పెట్టుకోవాలి? పొదుపయ్యే కరెంటు వల్ల లాభపడేది డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ), దాని వెనకున్న ప్రభుత్వ సబ్సిడీ ఖాతా. న్యాయంగా చూస్తే ఆ మోటారును డిస్కమే కొనాలి. డిస్కం చేతిలో డబ్బు ఉండదు.

ఇదే డిస్కంకు ఇంకో ఇరకాటం ఉంది. ఎక్కువ ధర కట్టే ఫ్యాక్టరీ తన పైకప్పు మీద సోలార్ పెట్టుకుంటే, పేదలకు, రైతులకు ఇచ్చే రాయితీని మోసే ఆ ఆదాయం తగ్గిపోతుంది. అందుకే నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి బిల్లులో తగ్గించుకోవడం) ఫైళ్లు ఆలస్యమవుతాయి, మనం అధికారులను తిట్టుకుంటాం. తనకు నష్టం తెచ్చే మార్పును తనే వేగంగా జరిపించాలని ఏ సంస్థకైనా అప్పగిస్తే ఇలాగే ఉంటుంది. రాయితీ భారాన్ని బడ్జెట్ నేరుగా, టైముకు మోస్తే తప్ప ఇది తేలదు.

మీ రంగానికి దగ్గరి అనుభవం ఒకటి చెప్తాను. మా యూనిట్‌లో కూరగాయల కోసం ఐదు టన్నుల సోలార్ కోల్డ్ రూమ్ తయారుచేశాం. బ్యాటరీలు లేవు. గోడల వెంబడి ఫేజ్ చేంజ్ ద్రవం (గడ్డకడుతూ, కరుగుతూ చల్లదనాన్ని దాచే ద్రవం) నింపిన పలకలుంటాయి. ఎండ ఉన్నంతసేపు కంప్రెసర్ ఆ ద్రవాన్ని గడ్డకట్టిస్తుంది, రాత్రంతా అది కరుగుతూ గదిని చల్లగా ఉంచుతుంది. ఒక ప్రభుత్వ విభాగం దాన్ని పైలట్‌గా ఒక కూరగాయల మార్కెట్లో పెట్టించింది.

షెడ్డులో నెలల తరబడి పరీక్షించినా తెలియని సంగతులు అక్కడ మొదటి వారంలోనే తెలిశాయి. మబ్బు వచ్చి పోయే రోజుల్లో కంప్రెసర్ ఆగుతూ, మొదలవుతూ ఇన్వర్టర్ ట్రిప్ అయ్యేది. కంప్రెసర్ వేగాన్ని అదుపుచేసే డ్రైవ్‌లో, వేగం మెల్లగా తగ్గి మెల్లగా పెరిగేలా మార్చాం. తలుపు దగ్గర చల్లగాలి బయటికి పోకుండా వేలాడదీసిన ప్లాస్టిక్ పట్టీలు క్రేట్లకు చిక్కుకుంటున్నాయని హమాలీలు వాటిని పీకి పక్కన పడేశారు. వాళ్ల పని వాళ్లకు జరగాలి, తెల్లవారుజామున నాలుగింటికి లారీ దిగుతుంటే పట్టీలను ఎవరు తప్పిస్తూ కూర్చుంటారు? పెద్ద తలుపు తీసేసి క్రేటు ఎత్తులో రెండు చిన్న తలుపులు పెట్టాం, రాత్రిపూట గది వేడెక్కడం బాగా తగ్గింది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, గది వాడేది రైతని మేమూ ఆ విభాగమూ అనుకున్నాం. నిజానికి రైతు సరుకు అమ్ముకుని పొద్దున్నే ఊరికి వెళ్లిపోతాడు. అమ్ముడుపోని కొత్తిమీర, పాలకూర సాయంత్రానికి వాడిపోతాయని బెంగపడేది చిల్లర వ్యాపారి. క్రేటుకు రోజుకింత అని అద్దె కట్టడానికి ముందుకొచ్చింది అతనే.

పైలట్ నివేదిక చాలా బాగా వచ్చింది. ఆ తర్వాత అదే విభాగం ఎక్కువ సంఖ్యలో గదుల కోసం టెండర్ పిలిచింది. అందులో "బ్యాటరీ సామర్థ్యం, ఆంపియర్ అవర్లలో" అని ఒక గడి తప్పనిసరిగా ఉంది. బ్యాటరీ అక్కర్లేకపోవడమే మా వస్తువులోని కొత్తదనం. ఆ గడిలో సున్నా వేస్తే టెక్నికల్ బిడ్ దగ్గరే పక్కకు పోతుంది. దాని కింద, గత మూడేళ్లలో ఇలాంటివే ఇన్ని సరఫరా చేసి ఉండాలన్న షరతు. కొత్త వస్తువును మూడేళ్లుగా అమ్మి ఉండటం ఎవరికి సాధ్యం? ఆ షరతులన్నీ దాటినా చివర్లో ఎల్-1, అంటే తక్కువ ధర కోట్ చేసినవాడిదే ఆర్డర్. గది కొన్న రోజు ధరనే చూస్తారు, పదేళ్లలో రెండుసార్లు మార్చాల్సిన బ్యాటరీ ఖర్చు ఆ లెక్కలోకి రాదు.

ఆ ఆఫీసులో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అదే నేను గట్టిగా చెప్పాలనుకునేది. జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ (కేంద్ర ప్రభుత్వ ఖర్చుల నిబంధనలు) ప్రకారం స్టార్టప్‌లకు ధరావతు అక్కర్లేదు, పాత అనుభవం, టర్నోవర్ షరతులు సడలించే వీలుంది. కానీ సడలించాలా వద్దా అన్నది కొనే అధికారి విచక్షణ. కొత్తది కొని అది బాగా నడిస్తే అతనికి వచ్చేదేమీ లేదు. ఫెయిలైతే ఆడిట్ పేరా (ఖర్చు మీద ఆడిటర్ల అభ్యంతరం) వస్తుంది, రిటైరయ్యే దాకా ఆ ఫైలు వెంటాడుతుంది. ఆ కుర్చీలో నేనున్నా బహుశా పాత స్పెసిఫికేషనే కాపీ చేసేవాణ్ణి. అధికారి భయాన్ని తగ్గించని పాలసీ, ఎన్ని కోట్లు ప్రకటించినా కొత్తదనాన్ని కొనదు.

దీనికి అమెరికా అనుభవం చూడండి. అక్కడి ఇంధన శాఖ తన రుణ కార్యక్రమాల కింద 2009లో సోలిండ్రా అనే సోలార్ కంపెనీకి 53.5 కోట్ల డాలర్ల రుణ హామీ ఇచ్చింది, 2010లో టెస్లాకు 46.5 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. సోలిండ్రా 2011లో దివాలా తీసింది. రాజకీయంగా పెద్ద రచ్చ అయింది. టెస్లా 2013లో, గడువుకు చాలా ముందే, మొత్తం తీర్చేసింది. ఏ కంపెనీ నిలబడుతుందో ముందే తెలిస్తే ప్రభుత్వ సాయమే అక్కర్లేదు. అందుకని ఒక్కొక్క ఫైలు మీద కాకుండా, మొత్తం మీద ఎన్ని నిలిచాయి, ఏం నేర్చుకున్నాం అన్నదాని మీద లెక్క అడగాలి. మన ఆడిట్ పద్ధతి ఇందుకు పూర్తిగా వ్యతిరేక దిశలో ఉంది. ఈ మార్పుకు రూపాయి ఖర్చు కాదు, అయినా ఇదే అన్నిటికంటే కష్టమైన సంస్కరణ.

మన దగ్గర బాగా జరిగినవి కూడా ఉన్నాయి, వాటిని చూస్తే దారి కనిపిస్తుంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ బయోగ్యాస్ ప్లాంటుకు వీలైతే ఒకసారి వెళ్లి రండి. తార్నాకలోని ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు అభివృద్ధి చేసిన గ్యాస్ లిఫ్ట్ రియాక్టర్ టెక్నాలజీ అది. రోజుకు సుమారు పది టన్నుల కూరగాయల చెత్త నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ వచ్చేలా కట్టారు. కరెంటు మార్కెట్‌కే, గ్యాస్ అక్కడి వంటశాలకే. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా దాని ప్రస్తావన వచ్చింది. అది ఎందుకు సాధ్యమైందంటే, ప్రభుత్వ ల్యాబు టెక్నాలజీ ఇచ్చింది, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, రాష్ట్ర మార్కెటింగ్ శాఖ డబ్బు పెట్టాయి, ఒక స్థానిక కంపెనీ కట్టింది. చెత్త, కరెంటు అవసరం, స్థలం మూడూ ఒకే యజమాని చేతిలో ఉన్నాయి. కొనేవాడెవరు అన్న ప్రశ్నే రాలేదు. అలాంటిది రాష్ట్రంలోని ప్రతి పెద్ద మార్కెట్ యార్డులో ఇంకా కనిపించడం లేదంటే, చెత్త ఒక శాఖ చేతిలో, కరెంటు ఇంకో సంస్థ చేతిలో, నిర్వహణ కాంట్రాక్టు మూడో చోట ఉండటమే నాకు కనిపించే కారణం.

ఎల్ఈడీ బల్బులది ఇంకో రకం విజయం. 2014 మొదట్లో ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఒక్కో బల్బును సుమారు 310 రూపాయలకు కొన్నది. దేశమంతటికీ కలిపి పెద్దమొత్తంలో టెండర్లు పిలుస్తూ పోతే 2016 నాటికి అది 38 రూపాయలకు వచ్చింది. ఈ ఎల్ఈడీ పథకం ఉజాలా కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ఖాయమైన డిమాండ్ ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. కానీ ఒకటి గమనించాలి. అక్కడ తగ్గింది తెలిసిన వస్తువు ధర. ఆ బల్బులోని అసలు చిప్ ఎక్కువగా దిగుమతే. పెద్దమొత్తంలో కొంటే ధర తగ్గుతుంది, కొత్తది పుట్టాలంటే ఆ కొనుగోలులో కొంత భాగాన్ని కొత్తవాటి కోసమే పక్కన పెట్టాలి. ప్రతి టెండర్‌లో ఐదు శాతమో పది శాతమో, "బ్యాటరీ ఎంత" అని కాకుండా "కరెంటు లేకుండా ఎన్ని గంటలు, ఎన్ని డిగ్రీలు" అని ఫలితం మాత్రమే అడిగే భాగం ఉండాలని నేను ఎక్కడ అవకాశం దొరికినా చెబుతున్నాను.

ఇక రూల్స్ మారే సంగతి. కొత్త టెక్నాలజీ ఆలోచన నుంచి అమ్మకం దాకా రావడానికి ఐదు నుంచి పదేళ్లు పడుతుంది. మన పాలసీల ఆయుష్షు అంత ఉండటం లేదు. ఎలక్ట్రిక్ వాహనాల కేంద్ర సబ్సిడీ పథకం ఫేమ్-2 కింద టూవీలర్లకు 2021 జూన్‌లో సబ్సిడీని కిలోవాట్ అవర్‌కు 15 వేలకు పెంచారు, ధరలో 40 శాతం దాకా ఇచ్చారు. 2023 మేలో ప్రకటించి జూన్ 1 నుంచే దాన్ని 10 వేలకు, 15 శాతానికి తగ్గించారు. ఆ నెలలో అమ్మకాలు సగానికి పైగా పడిపోయాయి. సబ్సిడీ తగ్గించడం తప్పు కాదు, తగ్గించాల్సిందే. ఏ ఏడాది ఎంత తగ్గుతుందో మొదటి రోజే రాసిపెడితే తయారీదారుడు దాని ప్రకారం డిజైన్ మార్చుకుంటాడు.

పొరుగు రాష్ట్రంలో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పటికే కుదిరిన పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు తగ్గించడానికి కమిటీ వేసింది. వ్యవహారం కోర్టుకెక్కి, 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని తీర్పిచ్చింది. డెవలపర్లు చివరికి గెలిచారు, కానీ మధ్యలో పోయిన రెండున్నరేళ్లను ఎవరిస్తారు? పాతికేళ్ల ఒప్పందం మీద సంతకం ఉన్నా నమ్మకం లేదని బ్యాంకులకు అర్థమైతే, ఆ రిస్క్ వడ్డీలో కలిసిపోతుంది. క్లీన్ ఎనర్జీలో ఖర్చంతా మొదట్లోనే పెట్టాలి, ఇంధనం ఖర్చు ఉండదు. కాబట్టి వడ్డీ రెండు శాతం పెరిగితే బొగ్గు ప్లాంటుకంటే సోలార్ ప్లాంటుకే ఎక్కువ తగులుతుంది.

భద్రతా ప్రమాణాల దగ్గర మాత్రం నేను కఠినంగా ఉండాలనే అంటాను. 2022లో ఈవీ బ్యాటరీలు వరసగా తగలబడ్డాయి. ఆ సెప్టెంబర్‌లో మన సికింద్రాబాద్‌లోనే ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ నుంచి లేచిన మంటలు పైనున్న లాడ్జిని చుట్టుముట్టి ఎనిమిది మంది ప్రాణాలు తీశాయి. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐకి అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు అధ్యక్షతన కేంద్రం వేసిన నిపుణుల కమిటీ సిఫార్సులతో బ్యాటరీ ప్రమాణాలను బిగించారు. పూర్తిగా సమంజసం. అయితే మొదట నెల రోజుల గడువే ఇచ్చి, తర్వాత 2022 డిసెంబర్‌కు, రెండో విడత 2023 మార్చి చివరికి వాయిదా వేశారు. పెద్ద కంపెనీకి సొంత టెస్టింగ్ ల్యాబు ఉంటుంది. చిన్నవాడు బయటి ల్యాబు ముందు క్యూలో నిలబడాలి. ప్రమాణాలు బిగించినప్పుడల్లా దాంతోపాటు పరీక్షా సౌకర్యాలు, చిన్న కంపెనీలకు ఫీజు రాయితీ కూడా ప్రకటించాలి.

దిగుమతి సుంకాలు, పీఎల్‌ఐల (దేశంలో తయారీకి ఇచ్చే ప్రోత్సాహకాల) గురించి కూడా అడిగారు. 2010లో నేషనల్ సోలార్ మిషన్ మొదలైనప్పుడు సిలికాన్ మాడ్యూళ్లు దేశంలోనే తయారవ్వాలన్నారు, పలుచని పొరతో చేసే ఇంకో రకం ప్యానెల్, థిన్ ఫిల్మ్‌కు మినహాయింపు ఇచ్చారు. డెవలపర్లు థిన్ ఫిల్మ్ దిగుమతి చేసుకున్నారు. ఆ స్వదేశీ నిబంధన మీదే అమెరికా డబ్ల్యూటీఓకు (ప్రపంచ వాణిజ్య సంస్థకు) వెళ్లి 2016లో గెలిచింది. 2022 ఏప్రిల్ నుంచి మాడ్యూళ్ల మీద 40 శాతం, సెల్స్ మీద 25 శాతం సుంకం విధించారు. దాని నీడలో మన ఫ్యాక్టరీలు పెరిగాయి, రావిర్యాల వైపు వెళ్తే మీకే కనిపిస్తుంది. ఉద్యోగాలు వచ్చాయి, నాకు సంతోషమే. కానీ చాలా లైన్లలో యంత్రాలు, ప్రాసెస్ బయటివే. బ్యాటరీల పీఎల్‌ఐ 18,100 కోట్లది. అందులో ప్రధాన భాగానికి అర్హత రావాలంటే ఒక్కో కంపెనీ కనీసం 5 గిగావాట్ అవర్ల ఫ్యాక్టరీ కట్టాలి. కొత్త కెమిస్ట్రీతో వచ్చే చిన్న కంపెనీ ఆ గుమ్మం దగ్గరికి కూడా వెళ్లలేదు. తయారీని ప్రోత్సహించడం ఒక లక్ష్యం, కనిపెట్టడాన్ని ప్రోత్సహించడం ఇంకో లక్ష్యం. రెండింటికీ ఒకే స్కీము పెడితే మొదటిదే గెలుస్తుంది. 2025 ఏప్రిల్‌లో చైనా, మోటార్లలో వాడే రేర్ ఎర్త్ మాగ్నెట్ల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టాక మన ఆటో కంపెనీలు ఎంత కంగారుపడ్డాయో చూశాం. కంచన్‌బాగ్‌లోని లోహాల పరిశోధన సంస్థ ఎన్‌ఎఫ్‌టీడీసీ ఇలాంటి మాగ్నెట్ల మీద అంతకుముందు నుంచే పనిచేస్తోంది. ల్యాబులో విద్య ఉంది, అవసరం ముంచుకొచ్చే దాకా కొనేవాడు లేడు.

ఇక మీ సంగతి. మీ థర్మల్ స్టోరేజ్‌ను ముందుగా రైతులకూ ప్రభుత్వ శాఖలకూ అమ్మే ఆలోచన పక్కన పెట్టండి. ఎవరికి రాత్రి కరెంటుకీ సాయంత్రం కరెంటుకీ ధరలో తేడా ఉందో వాళ్ల దగ్గరికి వెళ్లండి. తెలంగాణలో హెచ్‌టీ (హై టెన్షన్ కనెక్షన్ ఉన్న) పరిశ్రమలకు టైమ్ ఆఫ్ డే టారిఫ్, అంటే వేళను బట్టి మారే ధర ఉంది. ఉదయం, సాయంత్రం పీక్ గంటల్లో యూనిట్‌కు రూపాయి అదనం, రాత్రిపూట తగ్గింపు. రాత్రి చల్లదనం నిల్వచేసి సాయంత్రం వాడుకునే మీ వస్తువుకు ఆ తేడానే ఆదాయం. పాశమైలారం, జీనోమ్ వ్యాలీ ఫార్మా యూనిట్ల చిల్లర్లు, డెయిరీల పాల శీతలీకరణ కేంద్రాలు, డేటా సెంటర్లు, ఇవి మీ మొదటి జాబితా. ప్లాంటు మెయింటెనెన్స్ హెడ్‌ను కలవండి. ఎండీ అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు అడిగి, గంటలవారీగా ఎంత మిగులుతుందో ఒక పేజీలో చూపించండి.

ఉచిత పైలట్ మాత్రం చేయకండి. సగం ధరకైనా సరే, డబ్బు తీసుకునే చేయండి. డబ్బు కట్టినవాడే దాన్ని నడుపుతాడు, లోపాలు చెప్తాడు. మీటర్ రీడింగుల మీద, వాటిని ఇంకో కస్టమర్‌కు చూపించడానికి మీకు హక్కు ఉన్నట్టు అగ్రిమెంట్‌లో రాయించుకోండి. రేపు బ్యాంకు అడిగినా, టెండర్ అడిగినా మీ దగ్గరుండే ఆస్తి ఆ ఏడాది డేటానే. మెటల్ పనికి, ఎలక్ట్రానిక్స్‌కు రాయదుర్గంలోని ప్రభుత్వ ప్రోటోటైప్ కేంద్రం టీ-వర్క్స్ వాడుకోండి, సొంత యంత్రాలు ఇప్పుడే కొనొద్దు. గ్రాంట్లకు అప్లై చేయండి, కానీ ఆ డబ్బు వచ్చే తేదీని నమ్ముకుని జీతాలు ఒప్పుకోవద్దు. ముగ్గురూ ఒకేసారి ఉద్యోగాలు మానకండి. ఒకరు ముందు బయటికి రండి, డబ్బు కట్టిన మొదటి ఆర్డర్ నడిచాక మిగతా ఇద్దరూ.

చివరిగా వసూళ్ల గురించి. కంపెనీ రిజిస్టర్ కాగానే ఉద్యమ్ (ఎంఎస్ఎంఈ, అంటే చిన్న పరిశ్రమల) నమోదు చేయించండి, ఆ నంబర్ ప్రతి ఇన్వాయిస్ మీద ఉండాలి. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం అగ్రిమెంట్ ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో మీకు డబ్బు రావాలి. 2024 ఏప్రిల్ నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో ఒక నిబంధన కూడా తోడైంది. సూక్ష్మ, చిన్న తయారీదారుకు గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా కట్టకపోతే కొన్నవాడు ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపించుకోలేడు. ఫార్మా కంపెనీల అకౌంట్స్ వాళ్లకు ఇది బాగా తెలుసు, మార్చి నెలలో మీ ఫోన్ ఎత్తుతారు.